మేతలోని నూనె మాంసంలోకి: అండమాన్ కొబ్బరి, చేపల వ్యర్థాలు, పందికొవ్వు

మేకమాంసం కూర చల్లారిన తరువాత గిన్నె అంచున తెల్లగా, గట్టిగా పేరుకునే కొవ్వును చూడని తెలుగు ఇల్లు అరుదు. అదే కోడికూర చల్లారినప్పుడు పైన పసుపుపచ్చని నూనె తేలుతుందే తప్ప అంత గట్టి పొర కట్టదు. రెండింటిలోనూ వేసిన వంటనూనె ఒకటే, పొయ్యి ఒకటే. తేడా అంతా ఆ జీవి ఒంట్లో నిలువ ఉన్న కొవ్వుది. ఆ కొవ్వు స్వభావాన్ని నిర్ణయించే వాటిలో జాతి, వయస్సు, లింగం ఉన్నాయి. అయితే పెంపకందారు చేతిలో పూర్తిగా ఉన్నది ఒక్కటే: మేత. అందులోనూ మేతలో ఉన్న నూనె.

శ్రీ విజయపురంలోని డైరీ ఫార్మ్ వంటి ప్రాంతాల శ్రోతలకు ఈ విషయం పుస్తకాలకు పరిమితమైనది కాదు. 2024 సెప్టెంబరులో పేరు మారేంతవరకు మనమంతా పోర్ట్ బ్లెయిర్ అని పిలిచిన ఈ పట్టణంలో డైరీ ఫార్మ్ పేరులో పాడి ఉన్నప్పటికీ నేడది జనావాసం. 2011 జనాభా లెక్కల్లో ఈ ద్వీపసమూహంలో తెలుగును మాతృభాషగా నమోదు చేసుకున్నవారు 50 వేలకు పైబడి ఉన్నారు. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుంచి వచ్చి చేపల వేట, వ్యాపారం, కూలిపనులతో స్థిరపడిన కుటుంబాలు వీరిలో అనేకం. పట్టణపు అంచుల్లోనూ, దక్షిణ అండమాన్ గ్రామాల్లోనూ పెరటి కోళ్లు, మేకలు, పందులు పెంచేవారికి ఎదురయ్యే ప్రశ్న ఒకటే. ఓడలో వచ్చే దాణా ఖరీదు, కళ్లెదుట ఉన్న కొబ్బరి, చేపల వ్యర్థాలు, హోటళ్ల మిగులు చవక. ఆ చవక మేత మాంసాన్ని ఏమి చేస్తుంది?

కొవ్వు కరిగే చోటే అసలు రహస్యం

కొవ్వు అన్నది ఒకే పదార్థం కాదు. గ్లిసరాల్ అనే చిన్న అణువుకు మూడు కొవ్వు ఆమ్లాలు తగులుకొని ఉండే నిర్మాణానికి ఆ పేరు. ఆ మూడు ఏవన్నదాన్ని బట్టి కొవ్వు గట్టిదో మెత్తనిదో తేలుతుంది. స్టియరిక్ ఆమ్లం కరగాలంటే సుమారు 69 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి, పామిటిక్ ఆమ్లానికి 63 డిగ్రీలు. ఇవి సంతృప్త ఆమ్లాలు. వీటి కర్బన గొలుసులు తిన్నగా ఉంటాయి కనుక ఒకదానికొకటి ఆనుకొని దగ్గరగా సర్దుకుంటాయి. ఒలెయిక్ ఆమ్లంలో ఒక వంపు ఉంటుంది, అది మన గది వేడిలోనే ద్రవం. రెండు వంపులున్న లినోలెయిక్ ఆమ్లం సున్నాకు దిగువన, సుమారు మైనస్ 5 డిగ్రీల వద్ద గాని గడ్డకట్టదు. వంపులు పెరిగే కొద్దీ కొవ్వు పలచబడుతుందని, గాలిలోని ప్రాణవాయువుకు లోబడిపోతుందని గుర్తుంచుకుంటే తక్కిన కథంతా సులభంగా అర్థమవుతుంది.

ఈ వంపుల లెక్కకు ప్రయోగశాలలో వాడే కొలత అయోడిన్ విలువ. వంద గ్రాముల కొవ్వు ఎన్ని గ్రాముల అయోడిన్‌ను పట్టుకుంటుందో అదే ఆ విలువ. కొబ్బరినూనెకు ఇది 6 నుంచి 11 మధ్య ఉంటుంది. పామాయిల్‌కు 50కి పైన, వేరుశనగ నూనెకు 90 అటూ ఇటూ, సోయా, పొద్దుతిరుగుడు నూనెలకు 120 నుంచి 140 వరకు. చేపనూనెలు వీటన్నిటినీ దాటిపోతాయి. మంచి పందికొవ్వు విలువ 60 నుంచి 70 మధ్య ఉండాలని మాంస పరిశ్రమ కోరుకుంటుంది. 70, 75 దాటితే అది కత్తికి అంటుకునే మెత్తని కొవ్వు అవుతుంది.

తిన్నది తిన్నట్టే నిలువచేసే పొట్ట

పందికీ, కోడికీ మనకు ఉన్నట్టే ఒకే పొట్ట. మేతలోని నూనె పేగులో విడిపోయి, గోడ దాటి, రక్తంలో ప్రయాణించి దాదాపు తన రూపం మారకుండానే కొవ్వు కణాల్లో చేరుతుంది. లినోలెయిక్, లినోలెనిక్ ఆమ్లాలను పంది శరీరం తనంత తాను తయారుచేసుకోలేదు కూడా. అందుచేత దాని కొవ్వులో అవి ఎన్ని ఉన్నాయో చూస్తే అది ఏమి తిన్నదో చెప్పవచ్చు.

శరీరం కొవ్వును సంపాదించే దారి మరొకటి కూడా ఉన్నది. నూకలు, కర్రపెండలం, చిలగడదుంప వంటి పిండిపదార్థాలు ఎక్కువగా తిన్నప్పుడు పంది వాటినుంచి కొత్తగా కొవ్వును తయారుచేసుకుంటుంది. అలా తయారైన కొవ్వులో పామిటిక్, స్టియరిక్, ఒలెయిక్ ఆమ్లాలే అధికం. కనుక అది గట్టిగా, తెల్లగా ఉంటుంది. మేతలో నూనె పెరిగిన కొద్దీ శరీరం సొంత తయారీని తగ్గించుకుంటుంది. అంటే నూనె రెండు విధాల ప్రభావం చూపుతుంది. తాను వచ్చి చేరుతుంది, ఇంట్లో తయారయ్యే గట్టి కొవ్వును ఆపుతుంది.

చిన్న లెక్క వేద్దాం. ఎదిగిన పంది రోజుకు 2 కిలోల దాణా తింటే, అందులో 5 శాతం నూనె ఉంటే, రోజుకు 100 గ్రాముల నూనె లోపలికి పోతుంది. రెండు నెలల్లో అది 6 కిలోలు. కోతకు ముందు పంది ఒంట్లో చేరే కొవ్వులో ఇది చెప్పుకోదగ్గ భాగం. అది వేరుశనగ నూనె అయితే కొవ్వు ఒకలాగా, కొబ్బరినూనె అయితే మరొకలాగా ఉండక తప్పదు.

దీన్ని కష్టపడి నేర్చుకున్నవారు అమెరికా దక్షిణ రాష్ట్రాల రైతులు. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో అక్కడ వేరుశనగ చేలల్లోకి పందులను వదిలి మేపే ఆచారం ఉండేది. పందులు బాగా బలిసేవి, కానీ వాటి మాంసం మెత్తగా, జిడ్డుగా, చల్లని గదిలో వేలాడదీసినా గట్టిపడకుండా ఉండేది. మాంసం శుద్ధిచేసే సంస్థలు అటువంటి పందులకు ధర తగ్గించేవి. అమెరికా వ్యవసాయ శాఖ ఈ సమస్యపై చేయించిన పరిశోధనల్లో ఎల్లిస్, ఇస్బెల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1926లో ప్రకటించిన ఫలితాలు నేటికీ పాఠ్యపుస్తకాల్లో కనిపిస్తాయి. మేతలోని నూనె ఎంత అసంతృప్తమో పంది కొవ్వు అంత అసంతృప్తమవుతుందని వారు అంకెలతో చూపారు.

అదే సూత్రాన్ని స్పెయిన్ దేశస్థులు లాభంగా మార్చుకున్నారు. అక్కడి ఐబీరియన్ నల్లపందులను ఆకురాలు కాలం నుంచి శీతాకాలం దాకా సింధూర జాతి చెట్ల కింద వదులుతారు. ఆ చెట్ల కాయల్లో ఒలెయిక్ ఆమ్లం మెండు. పంది కొవ్వులో సగానికి పైగా ఒలెయిక్ ఆమ్లమే ఉండేటంతగా అది చేరుతుంది. ఉప్పువేసి ఏళ్ల తరబడి ఆరబెట్టే ఆ తొడ మాంసం నోట్లో కరిగిపోతుందని పేరు. మెత్తదనం అన్నిచోట్లా దోషం కాదన్నమాట. దానికి తగిన వంటకం, తగిన కొనుగోలుదారు ఉండాలి. కూరకోసం రోజువారీ ముక్కలు కొట్టి అమ్మే మన దుకాణంలో ఆ కొవ్వుకు ఆ విలువ రాదు.

నికోబార్ చేసిన పని

ఇక మన ద్వీపాల సంగతి. నికోబార్ ద్వీపాల్లో పంది కేవలం మాంసపు జంతువు కాదు, ఊరి పండుగల్లో, పెద్దల సంస్మరణ విందుల్లో దానికి గౌరవస్థానం ఉన్నది. పగలంతా స్వేచ్ఛగా తిరిగే పందులకు ఇంటివారు కొబ్బరి కోరో, ముక్కలో పెట్టి మేపడం అక్కడి పద్ధతి. కేవడ జాతి పండ్లు, దుంపలు కూడా వాటి ఆహారంలో భాగం. కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ నికోబారి పందిని ప్రత్యేక దేశీయ జాతిగా నమోదు చేసింది.

ఆ పద్ధతిలో రసాయన శాస్త్రం దాగి ఉన్నది. కొబ్బరినూనెలో దాదాపు సగం లారిక్ ఆమ్లం, ఆ తరువాత మిరిస్టిక్ ఆమ్లం. రెండూ సంతృప్తమైనవే. లారిక్ ఆమ్లంలో కొంత భాగం కాలేయంలో వెంటనే ఇంధనంగా ఖర్చయిపోతుంది, మిగిలినది, దానితోపాటు మిరిస్టిక్ ఆమ్లం, కొవ్వులో చేరుతాయి. ఫలితం గట్టిగా, తెల్లగా, తొందరగా ముక్కిపోని కొవ్వు. విద్యుత్తు లేని, శీతల పెట్టెలు లేని దీవిలో, ఏడాదిలో అత్యధిక భాగం తేమగాలి వీచే చోట, ముక్కిపోని కొవ్వుకన్నా విలువైనది ఏముంటుంది? ఎవరూ ప్రయోగశాలలో కొలవకముందే ఆ ఎంపిక జరిగిపోయింది. ఇది అనుకోకుండా కుదిరినదే కావచ్చు, కొబ్బరి తప్ప మరొకటి అక్కడ అంత సమృద్ధిగా లేదు. అయినా ఫలితం ఫలితమే.

2004 డిసెంబరు 26 నాటి సునామీ నికోబార్ కొబ్బరి తోటలను, పందులను కలిపి తుడిచిపెట్టింది. పందుల మందను తిరిగి పెంచుకోవడానికి రెండు మూడేళ్లు చాలవచ్చు, కానీ నాటిన కొబ్బరి మొక్క కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. మధ్యలో వచ్చే ఆ ఖాళీని బయటి దాణా నింపవలసి వస్తుంది. మేత మారితే మాంసం మారుతుందన్న సంగతి అటువంటి సందర్భాల్లోనే బయటపడుతుంది.

మరి శ్రీ విజయపురం పరిసరాల్లో పందికి కొబ్బరి పెట్టవచ్చునా? పచ్చి కొబ్బరి, కురిడీ పెట్టడం నేటి ధరల్లో లాభసాటి కాదు. 2025 సీజన్‌కు కేంద్రం ప్రకటించిన మద్దతు ధరే మిల్లు కొబ్బరికి క్వింటాలుకు 11,582 రూపాయలు. అంత ఖరీదైన దాన్ని పందికి మేపేవారు ఉండరు. నూనె తీయగా మిగిలిన కొబ్బరి చెక్క మాత్రం పరిశీలించదగినది. గానుగలో ఆడించిన చెక్కలో ఇంకా 6 నుంచి 10 శాతం వరకు నూనె మిగిలి ఉంటుంది, మాంసకృత్తులు సుమారు 20 శాతం. అయితే పీచు ఎక్కువ, లైసిన్ అనే అవసరమైన అమైనో ఆమ్లం తక్కువ. కనుక మొత్తం దాణాలో ఐదో వంతు, మహా అయితే నాలుగో వంతు దాటకుండా, దానికి సోయా చెక్కో, ఉడికించిన పప్పుధాన్యాల నూకో జోడించి పెట్టాలి. మరొక జాగ్రత్త: సరిగా ఎండని కొబ్బరికి బూజు పడుతుంది, ఆ బూజులో అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. బూజుపట్టిన చెక్క ఎంత చవకగా వచ్చినా తీసుకోకూడదు. తడి తగిలిన కొబ్బరి కొవ్వు గాలికి చెడకపోయినా సబ్బు రుచిని తెచ్చుకుంటుందన్నది కూడా ఇక్కడి గృహిణులకు తెలిసిన సంగతే.

రేవులో మిగిలే చేప

పట్టణంలోని జంగ్లీఘాట్ రేవు వంటి చోట్ల చేపలు తెగేవేళ తలలు, పేగులు, రెక్కలు గుట్టలుగా మిగులుతాయి. ఉచితంగా దొరికే మాంసకృత్తులు అవి. పెరిగే పందిపిల్లకు అంతకన్నా బలమైన ఆహారం లేదని పెంచేవారు అంటే కాదనలేము. చిక్కంతా ఆ వ్యర్థాల్లో ఉన్న నూనెతోనే.

చేపనూనెలోని కొవ్వు ఆమ్లాల్లో ఐదారు వంపులు ఉంటాయి. మన గుండెకు మేలుచేసేవని వైద్యులు చెప్పే ఒమేగా-3 ఆమ్లాలు ఇవే. కానీ ప్రతి రెండు వంపుల నడుమ ఉన్న ఉదజని చాలా సులభంగా ఊడిపోతుంది. అక్కడ ప్రాణవాయువు చేరి పెరాక్సైడ్‌గా మారుతుంది, అది విరిగి ఘాటైన వాసనగల ఆల్డిహైడ్లను విడుదల చేస్తుంది. ఒలెయిక్ ఆమ్లంతో పోలిస్తే రెండు వంపులున్న లినోలెయిక్ ఆమ్లం ఆక్సీకరణ వేగం పది రెట్లకు పైనే ఉంటుంది, వంపులు పెరిగితే ఇంకా ఎక్కువ. అందువల్లనే చేపవ్యర్థాలు దండిగా తిన్న పంది మాంసం తాజాగా ఉన్నప్పుడు బాగానే కనిపించి, ఉడికించినప్పుడో, మర్నాడు వేడిచేసినప్పుడో నీచు వాసన కొడుతుంది. కొనుగోలుదారు మళ్లీ ఆ దుకాణం వైపు రాడు. పెంపకందారుకు కలిగే అసలు నష్టం ఇది. దాణాలో మిగిలిన డబ్బు కంటే పోయిన ఖాతాదారు విలువే ఎక్కువ.

కోళ్లకూ ఇదే వర్తిస్తుంది, గుడ్డుకు ఇంకా తొందరగా అంటుకుంటుంది. పచ్చసొనలో చేప వాసన వచ్చిందంటే మేతలో చేప ఎక్కువైందని చెప్పడానికి పరీక్ష అక్కరలేదు.

మరో ప్రమాదం పందికే. విటమిన్ ఇ చాలినంత లేకుండా చేపకొవ్వు అధికంగా పెడితే ఒంట్లోని కొవ్వు బతికుండగానే ఆక్సీకరణకు లోనై పసుపురంగు తిరుగుతుంది. పశువైద్యులు దీనిని పసుపు కొవ్వు వ్యాధి అంటారు. గడ్డి తిన్న ఆవు కొవ్వు పసుపుపచ్చగా ఉండడానికీ దీనికీ సంబంధం లేదు. ఆవు కొవ్వులోని పసుపు గడ్డిలోని కెరోటిన్ రంగు, హాని లేనిది. గేదె ఆ కెరోటిన్‌ను విటమిన్ ఎగా మార్చేసుకుంటుంది కనుక దాని కొవ్వూ, నెయ్యీ తెల్లగా ఉంటాయి. పసుపు రంగు చూడగానే జబ్బు మాంసమని భయపడే కొనుగోలుదారులు, బాగా పసుపుగా ఉంటేనే నాటుదని మెచ్చుకునే కొనుగోలుదారులు, ఇద్దరూ ఒకే బజారులో తారసపడతారు.

చేపను పూర్తిగా మానవలసిన పని లేదు. వ్యర్థాలను బాగా ఉడికించి, చల్లారిన తరువాత పైన తేలిన నూనెను తీసివేస్తే మాంసకృత్తులు మిగులుతాయి, చిక్కు తెచ్చే నూనెలో ఎక్కువ భాగం పోతుంది. ఉడికించడం వల్ల రోగకారక క్రిములు చావడం అదనపు లాభం. 2020లో అస్సాం, అరుణాచల్ ప్రదేశ్‌లలో ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ దేశంలో మొదటిసారి బయటపడిన నాటి నుంచి, హోటల్ మిగులును, మాంసపు తుక్కును ఉడికించకుండా పందులకు పెట్టరాదని పశుసంవర్ధక నిపుణులు గట్టిగా చెబుతున్నారు. చేపను పిల్లదశలోనే వాడి, కోతకు ముందు చివరి వారాల్లో మానివేయాలి. ఎన్ని వారాలు అన్నదానికి తొందరపడి జవాబు చెప్పకూడదు. పంది కొవ్వు నెమ్మదిగా మారుతుంది, చేరిన నూనె ఒక్కసారిగా బయటికి పోదు. దానిపైన కొత్త కొవ్వు చేరి పలచబరుస్తుంది. అందుకు ఆరు నుంచి ఎనిమిది వారాల గడువు ఇవ్వడం క్షేమం. ఆ గడువులో నూకలు, కర్రపెండలం, చిలగడదుంప, కొద్దిగా కొబ్బరి చెక్క పెడితే పైపొర గట్టిపడుతుంది. బ్రాయిలర్ కోడిలో ఈ మార్పు రెండు మూడు వారాల్లోనే కనబడుతుంది, దాని బతుకే ఐదారు వారాలు కదా.

ఓడలో వచ్చే తవుడు

అండమాన్‌కు దాణా ముడిసరుకులో ఎక్కువ భాగం చెన్నై, కోల్‌కతా, విశాఖపట్నం ఓడరేవుల నుంచి వస్తుంది. తరతరాలుగా తెలుగు రైతు పశువుకు, పందికి, కోడికి పెట్టిన ప్రధానమైన మేత తవుడు. బియ్యపు మరలో పట్టిన తాజా తవుడులో 15 నుంచి 20 శాతం వరకు నూనె ఉంటుంది. గింజలో ఉన్నంతవరకు ఆ నూనె, దానిని విడగొట్టే లైపేజ్ అనే ఎంజైమ్ వేర్వేరు పొరల్లో ఉంటాయి. మరలో పడగానే రెండూ కలుస్తాయి. కొన్ని రోజుల్లోనే నూనె విడిపోయి తవుడు చేదెక్కుతుంది, ముక్కిన వాసన వేస్తుంది. మిల్లు దగ్గర నుంచి రేవుకు, అక్కడి నుంచి మూడు రోజుల సముద్రప్రయాణం, మళ్లీ ఇక్కడి గోదాములో తేమ: పచ్చి తవుడుకు ఇంతకన్నా చెడ్డ దారి లేదు.

ఉప్పుడు బియ్యం తవుడు కొంత నయం. వడ్లను ఉడకబెట్టినప్పుడే ఆ ఎంజైమ్ చచ్చిపోతుంది. నూనె తీసిన తవుడు అయితే నిలువకు మరింత తగినది, అందులో మిగిలే నూనె ఒక శాతం అటూ ఇటూ మాత్రమే. అయితే శక్తి తగ్గిపోతుంది. తవుడు నూనెలో లినోలెయిక్ ఆమ్లం మూడో వంతుకు పైగా ఉంటుంది. కనుక పూర్తిగా పచ్చి తవుడుతో బలిసిన పంది కొవ్వు కొంత మెత్తగానే ఉంటుంది. ముక్కిన తవుడు తినిపిస్తే మరో నష్టం: లోపలికి పోయిన పెరాక్సైడ్లు ఒంట్లోని విటమిన్ ఇని ఖర్చు చేస్తాయి, మాంసం కోసిన తరువాత దానికి రక్షణ తగ్గుతుంది.

విటమిన్ ఇ గురించి ఒక్క మాట. దాణా ముక్కిపోకుండా కలిపే కృత్రిమ నిరోధకాలు సంచిలో దాణాను కాపాడతాయి గాని మాంసంలో అంతగా నిలువవు. విటమిన్ ఇ అలా కాదు, కండరపు కణాల పొరల్లో చేరి, జీవి చనిపోయిన తరువాత కూడా రోజుల తరబడి పనిచేస్తుంది. కిలో దాణాకు 100 నుంచి 200 మిల్లీగ్రాముల చొప్పున కోతకు ముందు వారాల్లో కలిపితే మాంసం ఎర్రదనం నిలుస్తుందని, ముక్క వాసన ఆలస్యమవుతుందని అనేక దేశాల్లో రుజువైంది. డబ్బు పెట్టలేనివారికి పచ్చి ఆకే విటమిన్ ఇ. ద్వీపాల్లో అది కరువు కాదు.

ఇంట్లో శీతల పెట్టె ఉన్నవారికి ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. గడ్డకట్టిన మాంసంలో బ్యాక్టీరియా పెరుగుదల ఆగుతుంది కాని ఆక్సీకరణ పూర్తిగా ఆగదు. ఉప్పు రాసి ఉంచితే అది ఇంకా వేగం పుంజుకుంటుంది. చేప తిన్న పంది మాంసాన్ని ఉప్పు రాసి నెలల తరబడి దాచడం మంచిది కాదు.

నెమరువేసే జీవుల దారి వేరు

ఇంతవరకు చెప్పినదంతా మేకకు, గొర్రెకు, పశువుకు అలాగే వర్తించదు. వాటి రూమెన్ అనే మొదటి పొట్టలో కోటానుకోట్ల సూక్ష్మజీవులు నివసిస్తాయి. అసంతృప్త ఆమ్లాలు ఆ సూక్ష్మజీవులకు విషప్రాయం. అందుకని వాటికి ఉదజని చేర్చి వంపులను సరిచేసి సంతృప్తం చేసివేస్తాయి. మేక తిన్నది పచ్చి ఆకులోని మూడు వంపుల లినోలెనిక్ ఆమ్లమే అయినా పేగుకు చేరేసరికి అందులో అత్యధిక భాగం స్టియరిక్ ఆమ్లంగా మారి ఉంటుంది. చల్లారిన మేకమాంసం కూర మీద తెల్లని పొర కట్టడానికి కారణం ఇదే. నికోబార్‌లోని తెరెస్సా ద్వీపపు మేక అయినా, నెల్లూరు గొర్రె అయినా ఈ సూత్రాన్ని తప్పించుకోలేవు.

మారే దారిలో కొన్ని అణువులు సగంలో తప్పించుకొని బయటపడతాయి. వాటిలో ఒకటి సంయుగ్మ లినోలెయిక్ ఆమ్లం. పచ్చగడ్డి మేసిన పశువుల పాలల్లో, మాంసంలో ఇది ఎక్కువగా ఉంటుంది. దీనిమీద ఆరోగ్య ప్రచారం చాలా జరిగింది, దానిని యథాతథంగా నమ్మడానికి మనుషుల మీద జరిగిన పరిశీలనలు చాలవన్నది ఈ వ్యాసకర్త అభిప్రాయం.

మేకకు, పశువుకు నూనె ఎక్కువ పెట్టి లాభపడదామనుకుంటే రూమెన్ ఒప్పుకోదు. పొడి మేతలో మొత్తం కొవ్వు 6, 7 శాతం దాటితే పీచును జీర్ణంచేసే సూక్ష్మజీవులు మందగిస్తాయి, మేత తినడమే తగ్గుతుంది. కొబ్బరినూనె ఈ విషయంలో మరీ కఠినమైనది. లారిక్ ఆమ్లం రూమెన్‌లోని ఏకకణ జీవులను చంపుతుంది. పొట్టలో పుట్టే మీథేన్ వాయువు తగ్గుతుంది నిజమే, దానితోపాటు పీచు అరుగుదలా తగ్గుతుంది. కనుక పందికి మేలైన కొబ్బరి చెక్కను మేకకు అంతే ధారాళంగా వేయరాదు. పాడి పశువులకు అమ్ముతున్న బైపాస్ ఫ్యాట్ ఈ చిక్కును దాటడానికే పుట్టింది. కొవ్వు ఆమ్లాలను కాల్షియంతో బంధించి సబ్బువంటి లవణంగా చేస్తారు. అది రూమెన్‌లో విడిపోక, ఆమ్లగుణం గల నాలుగో పొట్టలో విడిపోతుంది.

పత్తి గింజల సంగతి చిత్రమైనది. గుంటూరు, వరంగల్ ప్రాంతాల్లో పశువులకు పత్తి చెక్క పెట్టని రైతు ఉండడు. పత్తి నూనెలో సగానికి పైగా లినోలెయిక్ ఆమ్లమే, ఆ లెక్కన పంది కొవ్వు మెత్తబడాలి. కాని జరిగేది విరుద్ధం. అందులో స్వల్పంగా ఉండే సైక్లోప్రొపీన్ ఆమ్లాలు, స్టియరిక్ ఆమ్లాన్ని ఒలెయిక్ ఆమ్లంగా మార్చే ఎంజైమ్‌ను అడ్డుకుంటాయి. అందుచేత కొవ్వు గట్టిపడుతుంది. అయినా పందులకు, కోళ్లకు దీనిని సిఫారసు చేయరు, పత్తి గింజలోని గాసిపాల్ వాటికి విషం.

వాడిన నూనె, అవిసె గింజ

పర్యాటకులు పెరిగిన పట్టణంలో హోటళ్లలో వేయించగా మిగిలిన నూనె కూడా పెరుగుతుంది. దాన్ని దాణాలో కలిపితే శక్తి వస్తుందని సలహాలు ఇచ్చేవారు ఉన్నారు. కొవ్వులో గ్రాముకు 9 కిలోకేలరీలు, పిండిపదార్థంలో 4 మాత్రమే. పైగా కొవ్వు అరిగేటప్పుడు పుట్టే వేడి తక్కువ కనుక ఉక్కపోత వాతావరణంలో కోళ్లకు కొంత ఊరట. ఇంతవరకు నిజమే. కాని పదేపదే కాగిన నూనెలో విరిగిన, ముద్దకట్టిన పదార్థాలు చేరి ఉంటాయి. మొత్తం పోలార్ పదార్థాలు 25 శాతం దాటిన నూనెను వంటకు వాడరాదని భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2018 జూలై నుంచి అమలులోకి తెచ్చిన నిబంధన చెబుతున్నది. మనిషికి తగదన్న నూనె కోడి ద్వారా తిరిగి మనిషి పళ్లెంలోకే వస్తుంది. 1999లో బెల్జియంలో దాణా కోసం సేకరించిన పాత కొవ్వుల్లో ట్రాన్స్‌ఫార్మర్ నూనె కలిసింది. పీసీబీలు, డయాక్సిన్లు కోళ్లలోకి, గుడ్లలోకి చేరాయి. లక్షల కోళ్లను నాశనం చేయవలసి వచ్చింది, ఆ ఏటి జూన్ ఎన్నికల్లో అధికార కూటమి ఓడిపోయింది. కొవ్వులో కరిగే విషం కొవ్వులోనే దాగుతుందన్నది ఆ ఉదంతంలో తేలిన విషయం.

మాంసాన్ని ఆరోగ్యకరంగా మార్చాలన్న ప్రయత్నాల్లో ఎక్కువగా వినిపించేది అవిసె గింజ. ఆకుకూరగా వండే అవిసె చెట్టు వేరు, ఇది వేరు. ఈ గింజ నూనెలో సగానికి పైగా ఒమేగా-3 రకపు లినోలెనిక్ ఆమ్లమే. దాణాలో కొద్ది శాతం కలిపితే కోడిమాంసంలో, గుడ్డులో, పందిమాంసంలో ఒమేగా-3 పెరుగుతుంది. నీచు వాసన చేపనూనె అంత రాదు. అయితే కొవ్వు మెత్తబడుతుంది, విటమిన్ ఇ అవసరం పెరుగుతుంది, ఖర్చు సరేసరి. రేవులో తాజా చేప దొరికే ఊళ్లో ఒమేగా-3 కోసం కోడిని ఆశ్రయించవలసిన అవసరం తక్కువ. మెట్ట ప్రాంతపు జిల్లాల్లో లెక్క వేరుగా ఉండవచ్చు.

తమ పంది కొవ్వు ఏ తీరున ఉందో తెలుసుకోవడానికి పెంపకందారుకు ప్రయోగశాల తప్పనిసరి కాదు. వీపు మీది కొవ్వు ముక్కను ఒక రాత్రి శీతల పెట్టె కింది అరలో ఉంచి, ఉదయం వేలితో నొక్కి చూడాలి. గట్టిగా నిలిచి, తెల్లగా విరిగితే మంచిదే. వేలు దిగి, చేతికి జిడ్డు అంటి, కొవ్వు పొరలు కండ నుంచి జారిపోతుంటే మేతలో నూనె ఎక్కువైందని అర్థం. వాసన కోసం చిన్న ముక్కను ఉప్పు లేకుండా మూతపెట్టి ఉడికించి, మూత తీసిన వెంటనే చూడాలి, నీచు ఉంటే ఆవిరిలోనే తెలిసిపోతుంది. దాణా మార్చదలచినవారు పశువైద్యశాలలో గాని, గారాచర్మాలో 1978 నుంచి పనిచేస్తున్న కేంద్రీయ ద్వీప వ్యవసాయ పరిశోధన సంస్థలో గాని సంప్రదించేటప్పుడు, ఏమి పెడుతున్నారో, ఎంత పెడుతున్నారో, కోతకు ఎన్ని వారాల ముందు వరకు పెట్టారో రాసి తీసుకువెళ్తే సలహా కచ్చితంగా ఉంటుంది.